పోయిన ఉప్పు ఎక్కడ దాగింది?

ఇసుకనూ ఉప్పునూ వేరుచేసే ప్రయోగం మీరు బడిలో చేసే ఉంటారు. రెండూ పదేసి గ్రాములు కలిపి, 50 మిల్లీలీటర్ల నీరు పోసి, గాజుకడ్డీతో కలుపుతారు. ఉప్పు కరుగుతుంది, ఇసుక కరగదు. వడపోత కాగితంతో వడకట్టి, కిందికి దిగిన తేటనీటిని పింగాణీ గిన్నెలో ఇగరబెట్టి, మిగిలిన ఉప్పును తూస్తారు. మరి మీకు ఎంత వచ్చింది?

మా తరగతిలో ఎక్కువమందికి ఎనిమిదిన్నర గ్రాముల దగ్గర వస్తుంది. ఒకరిద్దరికి 11 వస్తుంది. వాళ్ళ ఉప్పు ఇంకా తడిగా ఉందన్నమాట. సరిగ్గా 10 అని రాసిన పుస్తకం చూస్తే నాకు అనుమానమే! తక్కువ వచ్చిందని ఉన్నదున్నట్టు రాసినవారికి నేను మార్కులు తగ్గించను. ఆ ఉప్పు ఎక్కడికి పోయిందో చెప్పమంటాను, అంతే.

"కాగితం రంధ్రాల్లో ఇరుక్కుంది సార్" అంటారు. కాదు. కరిగిన ఉప్పు సోడియం, క్లోరైడ్ అయాన్లుగా విడిపోతుంది. అవి ఆ రంధ్రాలకన్నా వేల రెట్లు చిన్నవి. వాటిని ఆపడం కాగితం తరం కాదు.

గరాటులోని తడి ఇసుకను చూడండి. ఇసుక, కాగితం కలిసి 5 మిల్లీలీటర్ల ఉప్పునీటిని పట్టి ఉంచాయనుకుందాం. 50 మిల్లీలీటర్లలో 10 గ్రాములుంటే ఐదింటిలో ఎంత? ఒక గ్రాము! దొంగ దొరికాడు కదా.

దాన్ని రాబట్టాలంటే ఇసుకను కడగాలి. మీ దగ్గర 20 మిల్లీలీటర్ల మంచినీరు ఉందనుకోండి. ఒకేసారి పోస్తే, ఇసుకలోని ఐదుతో కలిసి 25 అవుతుంది. అందులో 5 మళ్ళీ ఇసుకలోనే నిలుస్తుంది. అంటే ఐదో వంతు ఉప్పు, 200 మిల్లీగ్రాములు, మిగిలిపోతుంది. అదే నీటిని ఐదేసి మిల్లీలీటర్ల చొప్పున నాలుగుసార్లు పోయండి. ప్రతిసారీ ఉప్పు సగమవుతుంది. చివరకు మిగిలేది పదహారో వంతు, సుమారు 60 మిల్లీగ్రాములే! నీరు ప్రతిసారీ ఇసుకంతా తడిపి పూర్తిగా దిగిపోతేనే ఈ లెక్క కుదురుతుంది. ఇంట్లో అమ్మ బియ్యాన్ని ఒకేసారి బిందెడు నీళ్ళతో కాక, కొద్దికొద్ది నీళ్ళతో రెండు మూడుసార్లు కడగడం గమనించారా?

ఇంకా కాస్త తగ్గితే పింగాణీ గిన్నె చుట్టూ చూడండి. నీరు ఇగిరే చివరిదశలో మంట తగ్గించకపోతే ఉప్పు చిటపటలాడి బయటికి చిందుతుంది.

కడగడం చాలో లేదో తెలియాలంటే, గరాటు నుంచి జారే చివరి చుక్కను గాజుపలకపై పట్టి ఆరనివ్వండి. ప్రయోగశాలలో దేన్నీ రుచి చూడకూడదు సుమా! చుక్క ఆరినచోట తెల్లటి మరక కనిపిస్తే ఇంకోసారి కడగండి.