ఓడ ముందు, కాగితం వెనక

సరుకు ఎక్కించుకున్నాక ఓడ కంపెనీ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ వట్టి రసీదు కాదు. సరుకు మీద హక్కు కూడా అందులోనే ఉంటుంది. ఓడ నడిసముద్రంలో ఉండగా దాని వెనక సంతకం చేసి ఇంకొకరికి ఇస్తే సరుకు అమ్మేసినట్టే. వర్తకుల ఈ ఆనవాయితీకి ఇంగ్లండు కోర్టులు 18వ శతాబ్దం చివర్లోనే చట్టబలం ఇచ్చాయి.

ఒకటి దారిలో పోయినా మరొకటి చేరుతుందని అసలు ప్రతులు మూడు ఇవ్వడం పాత పద్ధతి. జమైకా నుంచి 20 పీపాల చక్కెర తెప్పించిన ఓ లండన్ సంస్థ మొదటి ప్రతిని బ్యాంకులో తాకట్టు పెట్టింది. రెండో ప్రతి చూపించి డాక్ గోదాములోని చక్కెర విడిపించుకుంది! డాక్ కంపెనీ మంచి నమ్మకంతోనే ఇచ్చింది కాబట్టి తప్పు లేదని 1882లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. నష్టం బ్యాంకుకే మిగిలింది.

ఇప్పుడు ఓడలు వేగంగా వస్తున్నాయి, కాగితాలు బ్యాంకుల చుట్టూ తిరిగి ఆలస్యంగా చేరుతున్నాయి. బిల్లు లేకుండా సరుకు ఇస్తే మామూలుగా ఓడ యజమానికి బీమా రక్షణ పోతుంది. అందుకే హామీపత్రాలు రాయించుకుని సరుకు వదులుతారు.

మరి కంప్యూటర్లు వచ్చి ఇన్నేళ్లయినా ఇంకా ఈ కాగితాలేమిటి? బిల్లుల బదిలీని కంప్యూటర్లకు ఎక్కించే వ్యవస్థలు లేకపోలేదు: 1980లలో సీడాక్స్, 1999లో బొలేరో వచ్చాయి. కానీ బొలేరో ఒప్పందం దాని సభ్యులనే కట్టడి చేస్తుంది. అసలు చిక్కు చట్టంలో ఉంది. చేతికి చిక్కని వస్తువు ఎవరి స్వాధీనంలోనూ ఉండదన్నది ఇంగ్లండు న్యాయసూత్రం. పైగా ఈమెయిల్లో పంపిన ఫైలు పంపినవాడి దగ్గరా ఉంటుంది. అదే సరుకును ఇద్దరికి అమ్మితే?

2017లో ఐక్యరాజ్యసమితి వాణిజ్య చట్టాల సంఘం, అన్‌సిట్రాల్, నమూనా చట్టంతో దీనికి జవాబు చెప్పింది. పత్రం ఒక్కటేనని తేలాలి, అది ఒకరి అదుపులోనే ఉండాలి. ఆ నమూనాను మొదట చట్టం చేసింది చిన్న దేశం బహ్రెయిన్, 2018లో. బ్రిటన్ చట్టం 2023 సెప్టెంబరు 20న అమల్లోకి వచ్చింది. అందులో బదిలీ చేశాక పాత యజమానికి దాని మీద పట్టు ఉండకూడదన్న షరతు నాకు అన్నిటికంటే గట్టిదనిపిస్తుంది.

నమూనా చట్టం వచ్చిన 2017లోనే లండన్ అప్పీలు కోర్టు ఓ తీర్పు ఇచ్చింది. ఆంట్‌వర్ప్ రేవులో ఓడ కంపెనీ ఎమ్మెస్సీ, సరుకు విడిపించే డెలివరీ ఆర్డరుకు బదులు ఈమెయిల్లో పిన్ నంబర్లు పంపింది. మూడు కోబాల్టు కంటెయినర్లలో రెండింటిని ఎవరో పట్టుకుపోయారు. పిన్ నంబరు పంపితే సరుకు అప్పగించినట్టు కాదని కోర్టు అంది. సౌకర్యం వేరు, చట్టం ఒప్పుకున్న పత్రం వేరు.

మన దేశంలో 1856 నాటి బిల్స్ ఆఫ్ లేడింగ్ చట్టం స్థానంలో కొత్తది వచ్చింది 2025లో. కాకినాడ బియ్యం, విశాఖ రొయ్యలు పంపే ఎగుమతిదారులారా, కొనేవారు ఎలక్ట్రానిక్ బిల్లు అడిగితే, అది ఏ దేశ చట్టం కింద చెల్లుతుందో ముందే కాంట్రాక్టులో రాయించుకోండి.