పల్నాటి కంచంలో రంగులు, కొవ్వు లెక్కలు

ఎండాకాలం మొదలవుతుందంటే నరసరావుపేట, గురజాల, మాచర్ల దారుల వెంట మిరప కల్లాలే. రంగు తప్పి తెల్లబడిన కాయను తాలు అని పక్కకు ఏరేస్తారు. మార్కెట్ యార్డులో దానికి ఎర్రకాయ ధర పలకదు. టిక్కీలు, అంటే మిరప బస్తాలు, కోల్డ్ స్టోరేజీలో పెట్టేది కూడా చాలావరకు ఆ ఎరుపు నిలబడాలనే. పండించేవారికి రంగే రాబడి. మరి తినేవారి ఒంట్లో ఆ రంగు ఏం చేస్తుంది? రంగులు కొవ్వు కరిగించి ఒళ్లు తగ్గిస్తాయని చెప్పి వాటిని అమ్మేవాళ్లు అమెరికాలోనూ ఆంధ్రలోనూ పెరిగిపోయారు కనుక ఈ ప్రశ్న మనకు అవసరం.

ముందు ఒక చిక్కు విడదీయాలి. మిరపలో ఎరుపు వేరు, కారం వేరు. నాలుక మండించే కాప్సైసిన్‌కు రంగే లేదు. ఎరుపునిచ్చేది ప్రధానంగా కాప్సాంథిన్. అందుకే కర్ణాటక బ్యాడిగి కాయ ముదురెరుపుగా ఉండి కూడా మన గుంటూరు సన్నమంత మండదు. కాప్సాంథిన్‌ది కెరోటినాయిడ్ల కుటుంబం. క్యారెట్, టమాటా రంగులూ, గోంగూర పచ్చదనం కింద దాగి ఉండే బీటా కెరోటిన్ కూడా అందులోవే. ఈ కుటుంబానికంతటికీ ఒకటే లక్షణం: నీళ్లలో కరగవు, నూనెలోనే కరుగుతాయి.

మనం తిన్న నూనె చిన్నపేగుకు చేరగానే పైత్యరసం దాన్ని, సబ్బు గిన్నెకంటిన జిడ్డును విడగొట్టినట్టు, సన్నని బొట్లుగా చీలుస్తుంది. క్లోమం నుంచి వచ్చే లైపేజ్ అనే ఎంజైము ఆ బొట్ల మీద చేరి కొవ్వును ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలు పైత్య లవణాలతో కలిసి అతిచిన్న ఉండలుగా మారి పేగు గోడను చేరతాయి. కెరోటినాయిడ్లు లోపలికి వెళ్లేదీ ఆ ఉండల్లోనే. కొవ్వు లేకపోతే వాటికి దారి లేదు. అమెరికాలో అయోవా స్టేట్ యూనివర్సిటీ వారు 2004లో ప్రచురించిన ప్రయోగంలో ఒకే రకం సలాడ్‌ను నూనె లేకుండా, 6 గ్రాముల నూనెతో, 28 గ్రాముల నూనెతో పెట్టి చూశారు. నూనె లేనప్పుడు రక్తంలోకి చేరిన కెరోటినాయిడ్లు దాదాపు శూన్యం. కాబట్టి ఎర్రరంగు కొవ్వును కరిగిస్తుందన్న మాట తలకిందులు. ఆ రంగుకే కొవ్వు కావాలి. గోంగూర పచ్చడిలో మన పెద్దవాళ్లు నూనె వేయడంలో తప్పు లేదు. అయితే పైన తేలేదాకా పోయడం జాడీ పచ్చడి చెడిపోకుండా చేసే ఏర్పాటు. పూటకు తినే కొలత అది కాదు. గ్రాము నూనెకు 9 కేలరీలు.

కొవ్వు జీర్ణాన్ని నెమ్మదింపజేసే రంగులు లేవా అంటే, ఉన్నాయి. ఆకుల్లో పత్రహరితాన్ని మోసే థైలకాయిడ్ పొరలు నూనె బొట్టును కప్పి లైపేజ్‌కు అడ్డుపడతాయని స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం వారు చూపించారు. అధిక బరువున్న మహిళలకు పాలకూర నుంచి తీసిన ఈ పదార్థాన్ని రోజుకు 5 గ్రాములు, 12 వారాలు ఇస్తే సగటున 5 కిలోలు తగ్గారు. అది తీసుకోనివారు మూడున్నర కిలోలు తగ్గారు. తేడా ఉంది, కానీ చిన్నది. పైగా అది ఆకు నుంచి వేరుచేసిన పదార్థం. మనం గోంగూరను మగ్గబెట్టగానే దాని పులుపే పత్రహరితంలోని మెగ్నీషియాన్ని ఊడదీస్తుంది. ఆకుపచ్చ పోయి ముదురు గోధుమరంగు వచ్చేది అందుకే. ఎర్రకాడ గోంగూరలోనూ నేరేడుపండులోనూ ఉండే ఆంథోసయనిన్ రంగులు పరీక్షనాళికలో లైపేజ్‌ను అడ్డుకుంటాయి. ఊదా మొక్కజొన్నలోని ఇదే జాతి రంగు ఎలుకల్లో ఒళ్లు పెరగకుండా ఆపిందని జపాన్‌లో 2003లో తేల్చారు. మనుషుల్లో అంత గట్టి ఫలితం కనబడలేదు. లైపేజ్‌ను నేరుగా కట్టేసే మందు ఆర్లిస్టాట్ కూడా తిన్న కొవ్వులో సుమారు మూడో వంతునే ఆపగలదు, దానికి జిడ్డు విరేచనాలు తోడు.

పసుపు సంగతి ఇంకా విచిత్రం. మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్ఐ శాస్త్రవేత్తలు ఎలుకలకు కర్క్యుమిన్ పెట్టి చూస్తే పైత్యరసంలో ఆమ్లాలూ, లైపేజ్ చురుకూ పెరిగాయి. అంటే పప్పులో చిటికెడు పసుపు కొవ్వు అరుగుదలకు అడ్డు కాదు, సాయమే కావచ్చు. బరువు తగ్గడానికని పసుపు క్యాప్సూళ్లు మింగే మనవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. అమెరికాలో మందుల వల్ల కాలేయానికి కలిగే హానిని నమోదు చేసే నెట్‌వర్క్ 2022లో పసుపు సప్లిమెంట్ల వల్ల జరిగిన 10 కేసులను వివరించింది. వారిలో ఒకరు చనిపోయారు.

ఇక పల్నాటి కంచం సంగతి. కవి శ్రీనాథుడు పల్నాటిని ఈసడిస్తూ చెప్పిన చాటువుల్లో జొన్నకూడు కనబడుతుంది. 1967లో నాగార్జున సాగర్ కాలువలకు నీళ్లు వదిలాక మాగాణి విస్తరించింది, కంచం తెల్లన్నంతో నిండింది. పీచు తగ్గింది, పచ్చజొన్న పసుపుదనం పోయింది, కూర అన్నంలో నంజుకునేదిగా మిగిలింది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ ఇండియాబ్ సర్వే దేశంలో పెద్దవారిలో నూటికి దాదాపు 40 మందికి పొట్ట చుట్టూ ఊబకాయం ఉందని లెక్కగట్టింది. ఊబకాయం ఉన్నవారి రక్తంలో కెరోటినాయిడ్లు తక్కువగా ఉంటాయని పలు దేశాల్లో గమనించారు. ఆ రంగులను కొవ్వు కణాలే దాచుకోవడం ఒక కారణం, ఆకులూ కాయలూ తక్కువ తినడం ఇంకొకటి.

నా దృష్టిలో రంగుల వల్ల మనకు దక్కే మేలు చాలావరకు ఈ రెండో లెక్కలోనే, అంటే ఆకులూ కాయలూ ఎంత తింటామన్నదానిలోనే ఉంది. గోంగూర పప్పు రెండు గరిటెలు ఎక్కువైతే అన్నం రెండు గరిటెలు తగ్గుతుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లకూ ఆ తగ్గింపు అవసరమే: అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఆసియా మూలాలవారికి బీఎంఐ 23 నుంచే మధుమేహ పరీక్షలు చేయించమంటోంది, ఇతరులకు అది 25. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెరట్లో ఎర్రకాడ గోంగూర పెంచుతున్నవారు మంచు పడేలోగా దాన్ని కోసి, నలుగురికి చేసే పప్పులో మూడు నాలుగు చెంచాల నూనెతో పోపు పెడితే చాలు, కెరోటిన్ ఒంటికి పట్టడానికి అది సరిపోతుంది.