ఛాతీ ఆపరేషన్‌లో ఆక్సిజన్ ఎందుకు తగ్గుతుంది?

ఖర్కాయి నది ఒడ్డున ఉన్న ఆదిత్యపూర్‌లో ఫౌండ్రీలూ, వాహనాల విడిభాగాల యూనిట్లూ ఎక్కువ. ఇలాంటి చోట దుమ్ము, బీడీ, క్షయ కలిసి ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. ఛాతీ ఆపరేషన్ అనగానే ఇంట్లోవాళ్లు కత్తికంటే మత్తుకే ఎక్కువ భయపడతారు. మత్తు ఎక్కువైతే ఊపిరి ఆగిపోదా అని అడుగుతారు.

ఆపరేషన్ సాగినంతసేపూ ఊపిరి పోసేది వెంటిలేటరే. చిక్కు వేరే చోట ఉంది. సర్జన్‌కు చోటు కావాలి కాబట్టి రెండు దారులున్న గొట్టం వేసి ఒక ఊపిరితిత్తికి గాలి ఆపేస్తారు. గాలి ఆగినా రక్తం ఆగదు.

పక్కకు తిప్పి పడుకోబెట్టిన మనిషిలో 100 పాళ్ల రక్తంలో సుమారు 60 కింది ఊపిరితిత్తికి, 40 పైదానికి వెళతాయి. పైదానికి గాలి ఆపితే ఆ 40 పాళ్లూ ఆక్సిజన్ అందకుండానే గుండెకు తిరిగొచ్చే ప్రమాదం ఉంది. శరీరం ఊరుకోదు. గాలి అందని చోట రక్తనాళాలు వాటంతటవే బిగుసుకుంటాయి. 1946లో ఫాన్ ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ పిల్లులలో దీన్ని గమనించారు. ఈ బిగింపు 40ని దాదాపు 20కి దించుతుంది.

మత్తుమందు పాత్ర ఇక్కడే. ఐసోఫ్లూరేన్ లాంటి పీల్చే మందు పూర్తి మోతాదులో ఈ బిగింపును ఐదో వంతు సడలిస్తుంది. 20 కాస్తా 24 అవుతుంది. నరంలోకిచ్చే ప్రొపోఫాల్ దాన్ని పెద్దగా కదపదు. డెక్స్‌మెడిటోమిడిన్ జోడిస్తే ఆక్సిజన్ కొంత మెరుగైనట్టు కొన్ని అధ్యయనాలు చూపాయి. అయితే అది గుండె వేగాన్నీ బీపీనీ తగ్గిస్తుంది.

తేడా 4 పాళ్లే. అందుకే ఏ మందు అన్నదానికంటే గొట్టం సరైన చోట ఉందా అన్నదే ముఖ్యమని నా నమ్మకం. రోగిని పక్కకు తిప్పేటప్పుడు గొట్టం కదలొచ్చు. బ్రాంకోస్కోప్‌తో మళ్లీ చూడాల్సిందే.

ఒక ఊపిరితిత్తి ఆపాక తొలి అరగంట కీలకం. వేలి క్లిప్‌లో 90 శాతం అంటే ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం సుమారు 60 మిల్లీమీటర్లు. అక్కణ్నుంచి పడితే వేగంగా పడుతుంది. అప్పటికీ దారులున్నాయి: ఆపిన ఊపిరితిత్తికి కొద్దిపాటి పీడనంతో ఆక్సిజన్ ఇస్తారు, కుదరకపోతే సర్జన్‌ను ఆగమని దాన్ని మళ్లీ ఉబ్బిస్తారు.

చాలామంది ఊహించని సంగతి ఒకటుంది. కోసే ఊపిరితిత్తి ముందే బాగా చెడి ఉంటే దానికి రక్తం అప్పటికే తగ్గి ఉంటుంది, దాన్ని ఆపినా ఆక్సిజన్ అంతగా పడదు. భారమంతా రెండోదానిపైనే. ఎన్నేళ్లు బీడీ కాల్చారో, ఏ దుమ్ములో పనిచేశారో మత్తు డాక్టరుకు దాచకుండా చెప్పాల్సింది అందుకే.