తెరచాప పడవలో ఫ్రిజ్: బ్యాటరీని తినేస్తున్నది ఎవరు?

ఇవాళ్టి టాపిక్ కొంచెం వెరైటీ. నీళ్ల మీద తెరచాప పడవలో ఫ్రిజ్ నడిపితే బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, ఇంకా ఎక్కువసేపు రావాలంటే ఏం చేయాలి? "మాకు పడవ ఎక్కడుంది బ్రో" అంటారా? చేతిలో ఫోన్ ఉంది కదా, చాలు. లెక్క దాదాపు ఒకటే.

ముందు నాకు జరిగింది చెప్తాను. జాబ్‌లో ఉన్నప్పుడు ఆన్‌సైట్ మీద అమెరికా వెళ్లాను. మా టీమ్‌లో ఒకాయనకి 30 అడుగుల పాత పడవ ఉండేది. ఆగస్టులో ఒక శుక్రవారం సాయంత్రం అనాపొలిస్ దగ్గర చెసపీక్ బేలో లంగరు వేశాం. రెండు రాత్రులు బాగానే గడిచాయి. ఆదివారం తెల్లవారుజామున గాలి లేచింది. లంగరు జారిపోతోంది, పడవ ఒడ్డు వైపు కొట్టుకుపోతోంది. ఇంజిన్ కీ తిప్పితే టిక్ టిక్ అంది, అంతే. రేడియో కూడా ఆన్ కాలేదు. ఆయన గబగబా తెరచాప ఎత్తాడు, నేను లంగరు తాడు లాగాను. చేతులు ఒరుసుకుపోయాయి కానీ బయటపడ్డాం. ఫ్రిజ్‌లో కూల్‌డ్రింక్స్ మాత్రం చల్లగానే ఉన్నాయి!

అసలు ఏమైంది? లెక్క చూద్దాం. పడవలో చిన్న 12 వోల్టుల ఫ్రిజ్ కంప్రెసర్ తిరిగినప్పుడు సుమారు 5 ఆంప్స్ లాగుతుంది. ఎండాకాలంలో సగం టైమ్ తిరుగుతుంది అనుకోండి. అంటే 24 గంటలకి 60 ఆంప్ అవర్స్. 100 ఆంప్ అవర్ బ్యాటరీ అంటే మన 5000 ఎంఏహెచ్ ఫోన్లు దాదాపు 60 ఫుల్ ఛార్జ్ చేసేంత కరెంట్. చాలా ఎక్కువ అనిపిస్తుంది కదా? కానీ లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగం వరకే వాడాలి. అంటే 50. ఫ్రిజ్‌కి ఒక్క రోజుకి కూడా సరిపోదు. ఫ్రిజ్ అంటే మీ ఫోన్‌లో బ్యాక్‌గ్రౌండ్‌లో ఆగకుండా నడిచే యాప్ లాంటిది. స్క్రీన్ మీద కనపడదు, ఛార్జ్ మాత్రం తినేస్తుంది.

సగం వరకే ఎందుకు అంటే, ప్రతిసారీ లోతుగా ఖాళీ చేస్తే ఆ బ్యాటరీ ఆయుష్షు బాగా తగ్గిపోతుంది. ఖాళీగానే వదిలేస్తే లోపలి ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడిపోతుంది. తర్వాత ఎంత ఛార్జ్ చేసినా పాత కెపాసిటీ రాదు. కాసేపు లోడ్ లేకుండా ఉంచి వోల్టేజ్ చూస్తే, 12.7 ఫుల్, 12.1 దగ్గరికి వస్తే సగం అయిపోయినట్టే.

చాలామంది వెంటనే ఇంకో బ్యాటరీ కొంటారు. నేను మాత్రం ముందు ఫ్రిజ్ ఆకలి తగ్గించండి అంటాను. ఫ్రిజ్ చల్లదనాన్ని తయారు చేయదండీ, లోపలికి వచ్చిన వేడిని బయటికి తోడేస్తుంది. పడవలో నీళ్లు తోడినట్టే. చిల్లు మూయకుండా ఎంత తోడినా ఏం లాభం?

ఆ చిల్లులు ఇలా మూయాలి.

ఒకటి, మూత రబ్బరు. పది రూపాయల నోటు మధ్యలో పెట్టి మూసి లాగండి. ఈజీగా వచ్చేస్తే అక్కడ గాలి లీక్ అవుతున్నట్టే.

రెండు, గోడలు. పాత పడవల్లో ఇన్సులేషన్ పల్చగా ఉంటుంది. చుట్టూ నాలుగు అంగుళాల ఫోమ్ ఉంటే కంప్రెసర్‌కి బోలెడంత రెస్ట్.

మూడు, కంప్రెసర్ దగ్గర గాలి ఆడాలి. మూసేసిన అరలో పెడితే తను వదిలిన వేడిలోనే తను ఉడుకుతుంది.

నాలుగు, ఖాళీ జాగాలో నీళ్ల సీసాలు నింపండి. రేవులో కరెంట్ ఉన్నప్పుడో, ఇంజిన్ నడుస్తున్నప్పుడో అవి బాగా చల్లబడితే రాత్రంతా ఆ చల్లదనం పనికొస్తుంది.

ఐదు, సెట్టింగ్ 4 డిగ్రీలు చాలు. లోపల మంచు మందంగా పేరుకుంటే కరిగించి తుడిచేయండి.

ఆ తర్వాతే సోలార్. 100 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో రోజుకి సుమారు 25 నుంచి 30 ఆంప్ అవర్స్ ఇస్తుంది. ఫ్రిజ్ వాడకం 60 నుంచి 40కి దిగితే, రెండు ప్యానెళ్లతో లెక్క సరిపోతుంది. తగ్గించకపోతే మూడో ప్యానెల్‌కి పడవలో చోటు వెతుక్కోవాలి.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ మంచిదే, 80 శాతం వరకు నిశ్చింతగా వాడొచ్చు. కానీ పాత ఇంజిన్ ఆల్టర్నేటర్‌కి డైరెక్ట్‌గా తగిలించకండి. అది ఆగకుండా కరెంట్ లాగేసరికి ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోవచ్చు. మధ్యలో డీసీ టు డీసీ ఛార్జర్ ఉండాలి.

ఇప్పుడు అసలు విషయం. ఆ రోజు మా పడవలో రెండు బ్యాటరీలు ఉన్నాయి, ఒకటి ఇంజిన్ కోసం, ఒకటి మిగతా వాటి కోసం. స్విచ్ మాత్రం రెండూ కలిసే చోట, "బోత్" మీద ఉండిపోయింది. ఫ్రిజ్ రెండింటినీ తాగేసింది. "ఫ్రిజ్‌కి లో వోల్టేజ్ కటాఫ్ ఉంటుంది కదా" అంటారేమో. ఉంటుంది. కానీ చాలా కంప్రెసర్లలో ఫ్యాక్టరీ సెట్టింగ్ 10.4 వోల్టుల దగ్గర ఉంటుంది. అప్పటికి బ్యాటరీ పని అయిపోయినట్టే. ఆ సెట్టింగ్ పైకి మార్చుకోవచ్చు, తప్పకుండా మార్చండి. ఇంజిన్ స్టార్ట్ చేసే బ్యాటరీని ఫ్రిజ్ ముట్టుకోకుండా వేరు చేయండి.

పాలు విరిగిపోతే మళ్లీ కొనుక్కుంటాం. గాలి లేచినప్పుడు ఇంజిన్ స్టార్ట్ కాకపోతే?

మన ఇళ్లల్లో ఇన్వర్టర్‌కి ఉండేది కూడా ఎక్కువగా ఈ లెడ్ యాసిడ్ బ్యాటరీయే. కరెంట్ పోయిన ప్రతిసారీ పూర్తిగా ఖాళీ అయ్యేదాకా వాడకండి, డిస్టిల్డ్ వాటర్ లెవల్ చూస్తూ ఉండండి. మీ ఇంట్లో బ్యాటరీ ఎన్నేళ్లు వచ్చిందో కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను!