మూత్రసంచి బయటికి తెరుచుకుని పుడితే...

పొత్తికడుపు మీద ఎర్రగా, తడిగా ఒక ముద్ద. దాని మీంచి చుక్కలు చుక్కలుగా మూత్రం. మూత్రాశయం ముందుగోడా, దాన్ని కప్పాల్సిన పొట్టగోడా మూసుకోకుండానే బిడ్డ పుట్టడాన్ని బ్లాడర్ ఎక్స్‌ట్రోఫీ అంటారు. సుమారు 30 వేల నుంచి 50 వేల కాన్పుల్లో ఒకరికి ఇలా జరుగుతుంది. ఇంత అరుదైనది కాబట్టే తలా ఒక మాట చెబుతారు.

అపోహ: గ్రహణం నాడు తల్లి కూర తరిగింది, అందుకే ఇలా పుట్టింది.

వాస్తవం: ఈ లోపం గర్భం తొలి వారాల్లోనే ఏర్పడుతుంది. కత్తిపీటకూ దీనికీ సంబంధం లేదు. బాలింతను దెప్పడం ముందు ఆపాలి.

అపోహ: స్కానింగ్‌లో తెలియకపోతే డాక్టరు చూడనట్టే.

వాస్తవం: కిడ్నీలు, ఉమ్మనీరు మామూలుగానే ఉంటాయి కనుక గర్భంలో బిడ్డ అవయవాలను చూసే టిఫా స్కాన్‌లోనూ ఇది తప్పిపోవచ్చు. ఎంతసేపు చూసినా మూత్రాశయం నిండినట్టు కనబడకపోవడం, బొడ్డు మరీ కిందికి ఉండటం దీని ఆనవాళ్లు.

అపోహ: పుండే కదా, దూది పెట్టి కట్టు కట్టాలి.

వాస్తవం: ఆ ఎర్రటిది మూత్రాశయం లోపలి పొర. పొడి గాజుగుడ్డ దానికి అతుక్కుంటుంది, తీసినప్పుడల్లా పొర గీరుకుపోతుంది. వంటింట్లో గిన్నెల మీద కప్పే పల్చటి ప్లాస్టిక్ ఫిల్మే ఇక్కడ మంచి కట్టు. డైపర్ మార్చినప్పుడల్లా సెలైన్‌తో కడిగి కొత్తది వేస్తారు. బొడ్డుకు పెట్టే ప్లాస్టిక్ క్లిప్పు కూడా ఆ పొరకు ఒరుసుకుంటుంది, బొడ్డును దారంతో కట్టడమే మేలు.

అపోహ: ఎక్కడైనా సరే, పుట్టిన వెంటనే కుట్టించేయాలి.

వాస్తవం: కటి ఎముకలు మెత్తగా ఉంటాయని ఒకప్పుడు 72 గంటల్లోపే మూసేవారు. ఇప్పుడు చాలాచోట్ల కొన్ని వారాలు ఆగుతున్నారు. ఈ లోపంలో విడిపోయి ఉండే కటి ఎముకలను అవసరమైతే కోసి దగ్గరికి చేర్చి, మూత్రాశయాన్ని లోపలికి దించి మూస్తారు. కుట్లు విడిపోకుండా కాళ్లను కొన్నాళ్లు కదలనివ్వరు. మొదటి ఆపరేషన్ చెడితే, పెద్దయ్యాక మూత్రం ఆపుకోగలిగే అవకాశం బాగా తగ్గుతుంది. అందుకే తొందర కన్నా చెయ్యి తిరిగిన సర్జన్ ముఖ్యమని నా గట్టి అభిప్రాయం. ఉదాహరణకు, అహ్మదాబాద్ సివిల్ హాస్పిటల్‌లో అమెరికా సర్జన్లతో కలిసి ఈ ఆపరేషన్లు చేసే శిబిరాలు 2009లో మొదలయ్యాయి.

అపోహ: ఒక్కసారి మూసేస్తే అయిపోయినట్టే.

వాస్తవం: బడి వయసులో మూత్రాశయం మెడను బిగించే ఆపరేషన్ చాలామందికి అవసరం పడుతుంది. కొందరు రోజూ గొట్టంతో మూత్రం తీసుకోవాల్సి వస్తుంది.

అపోహ: ఆడపిల్లయితే ఇక పెళ్లి, పిల్లలు లేనట్టే.

వాస్తవం: ఇలా పుట్టి తల్లులైనవారు ఉన్నారు. కాన్పు మాత్రం ఎక్కువగా సిజేరియనే. గర్భసంచి జారే ముప్పుంది కాబట్టి పరీక్షలు మానకూడదు.