వయొలిన్లు తగ్గితేనే గిటారు వినిపిస్తుంది

ఇటలీలోని వెనిస్ నగరానికి చెందిన వివాల్డి 1730 ప్రాంతంలో ల్యూట్ అనే తీగవాద్యానికి, రెండు వయొలిన్లకు, మంద్రవాద్యానికి కలిపి ఒక కృతి రచించాడు. ల్యూట్ వాడుక తగ్గిపోగా నేడు ఆ భాగాన్ని ఎక్కువగా గిటారుపై వాయిస్తున్నారు.

చిక్కల్లా నాదంతోనే. గిటారు తీగ మీటగానే మోగి సన్నగిలిపోతుంది. వయొలిన్ మాత్రం కమాను లాగినంతసేపూ పలుకుతూనే ఉంటుంది. పదిమంది కమానులు పడితే గిటారు మునిగినట్టే. అందుకే భాగానికొకరు చొప్పున నలుగురైదుగురు చాలు.

మూడు భాగాలలో నడిమిది విళంబం. వయొలిన్లు నెమ్మదిగా స్వరం నిలిపి ఉంచగా, గిటారు ఒంటరిగా పాడుతుంది.

వివాల్డి 1741లో వియన్నాలో పేదరికంలో కన్నుమూశాడు. మరుగునపడిన ఆయన రాతప్రతులు అనేకం 1920లలో బయటపడ్డాయి. ఈ కృతి ప్రతి ఇప్పుడు ట్యూరిన్ గ్రంథాలయంలో భద్రంగా ఉంది.

పక్కవాడి నాదం వినబడేలా తన చేయి తగ్గించుకోవడమే ఈ కచేరీలో అసలు విద్య.