అక్కరలేని ఉత్తరాలు - చట్టం చూపే దారి

కోరాపుట్ జిల్లాలోని కుందులి సంతకు మీలో కొందరు వెళ్ళి ఉంటారు. దుకాణాల మధ్య నడుస్తూ ఉంటే అటునుంచి ఒకరు, ఇటునుంచి ఒకరు పిలుస్తారు. "అల్లం చూడండి, పసుపు చూడండి" అంటారు. అక్కరలేదని చెబితే మరొకరిని పిలుచుకొంటారు. సరుకు అమ్ముకొనేవాడు పిలవడం తప్పు కాదు. కాని ఒక వర్తకుడు మనం వద్దన్నా వినకుండా మన వెంటపడి ఇంటికి వచ్చాడనుకొందాం. మరునాడూ వచ్చాడు. ఆ మరునాడు పదిమందిని వెంటబెట్టుకొని వచ్చి గుమ్మానికి అడ్డంగా గంపలు దించాడు. అప్పుడు మనం ఏం చేస్తాం? ఊరి పెద్దలతో చెబుతాం. వాళ్ళ మాట కూడా వినకపోతే పోలీసులకు చెబుతాం.

సంతలో ఇటువంటి వర్తకుడు మనకు కనిపించడు. కంప్యూటర్‌లోను, సెల్‌ఫోన్‌లోను మాత్రం రోజూ కనిపిస్తాడు. మనం కోరకుండానే, వద్దని చెప్పినా మానకుండా వచ్చే వ్యాపార ప్రకటనల ఈ-మెయిళ్ళను 'స్పామ్' అంటారు. స్పామ్ అనేది నిజానికి డబ్బాలో నిలవచేసి అమ్మే ఒక మాంసం పేరు. 1970లో బ్రిటిష్ టెలివిజన్‌లో వచ్చిన ఒక హాస్య నాటికలో, హోటల్లో ఏ పదార్థం అడిగినా దానిలో ఈ స్పామ్ ఉంటుంది. అక్కరలేకపోయినా అంతటా ఎదురయ్యేది కనుక ఈ ఉత్తరాలకూ ఆ పేరే స్థిరపడింది.

ఇవి ఎంత నష్టం చేస్తాయి? తుడిచివేస్తే పోతాయి కదా అని కొందరు అంటారు. సునాబెడలో చదువుకొనే ఒక విద్యార్థిని ఉన్నదనుకొందాం. ఆమె తండ్రి డబ్బు కట్టి ఒక శిక్షణ సంస్థ నడిపే ఆన్‌లైన్ తరగతులలో ఆమెను చేర్పించాడు. మూడు నెలలలో తరగతులు పూర్తి అయ్యాయి. ఆ తరువాత ఆ సంస్థ నుంచి రోజుకు నాలుగైదు ప్రకటనలు రావడం మొదలైంది. కొద్దిరోజులకు ఆమె ఎన్నడూ వినని మరికొన్ని సంస్థలు కూడా రాయసాగాయి. ఆ కుప్పలో ఉపకార వేతనానికి సంబంధించిన ఒక ఉత్తరం కలిసిపోయింది. ఆమె దానిని చూసేసరికి గడువు దాటి మూడు రోజులైంది. తుడిచివేస్తే పోయేది ప్రకటన మాత్రమే. ఆమెకు రావలసిన ఉపకార వేతనం తిరిగి రాదు.

ఈ చిక్కుకు మూలం ఖర్చులో ఉన్నది. పోస్టుకార్డు రాసేవాడు ప్రతి కార్డునూ డబ్బు పెట్టి కొనాలి. వెయ్యిమందికి రాయాలంటే వెయ్యి కార్డులు కొనాలి. అందువల్ల ఎవరికి రాయాలో ఆలోచించి రాస్తాడు. ఈ-మెయిల్‌లో అలా కాదు. ఒకరికి పంపినా లక్షమందికి పంపినా పంపేవాడి ఖర్చులో పెద్ద తేడా లేదు. ఆ ఉత్తరాలను మోసే కంప్యూటర్ల ఖర్చు సేవ అందించే సంస్థది. వాటిని వడకట్టే శ్రమ, చదివే కాలం మనవి. లక్షమందిలో పదిమంది కొన్నా అతనికి లాభమే. మిగిలినవారి విసుగు అతని లెక్కలోకి రాదు. 1978 మే 3న అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ థూర్క్ తమ కంపెనీ కొత్త కంప్యూటర్ల ప్రదర్శన గురించి ఒకే సందేశాన్ని దాదాపు 400 మందికి పంపాడు. మొదటి స్పామ్‌గా దానినే చెబుతారు. చాలామందికి కోపం వచ్చింది. మందలింపూ వచ్చింది. కాని కంపెనీ సరుకు అమ్ముడుపోయింది. మందలింపు ఒక్కటే చాలదని ఆనాడే తేలిపోయింది.

మరి న్యాయస్థానానికి వెళ్ళడం ఎలా మొదలైంది? దీనికి 1997లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో జరిగిన వ్యాజ్యం గురించి కొంచెం వివరంగా తెలుసుకోవాలి. కంప్యూసర్వ్ అనే సంస్థ లక్షలాది చందాదారులకు ఈ-మెయిల్ సేవ అందించేది. సైబర్ ప్రమోషన్స్ అనే ప్రకటనల కంపెనీ ఆ చందాదారులకు గుట్టలుగా ఉత్తరాలు పంపేది. కంప్యూసర్వ్ "మా యంత్రాలను ఇందుకు వాడవద్దు" అని స్పష్టంగా చెప్పింది. ఉత్తరాలను అడ్డుకొనే ఏర్పాట్లు కూడా చేసింది. ప్రకటనల కంపెనీ ఊరుకోలేదు. ఎక్కడినుంచి వస్తున్నాయో తెలియకుండా చిరునామాలు మార్చి మళ్ళీ పంపింది. అప్పటికి అమెరికాలో స్పామ్‌ను గురించి దేశమంతటికీ వర్తించే ప్రత్యేక చట్టం లేదు. కంప్యూసర్వ్ న్యాయవాదులు ఒక పాత సూత్రాన్ని పట్టుకొన్నారు. ఒకరి సొత్తులో మరొకరు అనుమతి లేకుండా చొరబడి నష్టం కలిగించరాదు అనేదే ఆ సూత్రం. మన పల్లెలలో ఇది అందరికీ తెలిసినదే. ఒకరి పశువులు మరొకరి చేలో పడి మేస్తే, వాటిని బందెలదొడ్డికి తోలి, పశువుల యజమానిచేత సొమ్ము కట్టించేవారు. చేనుకు కంచె లేదు కదా అని అతడు వాదిస్తే ఎవరూ ఒప్పుకొనేవారు కాదు. న్యాయస్థానం ఇంచుమించు ఇటువంటి తర్కాన్నే అంగీకరించింది. ఉత్తరాలు కంటికి కనబడే వస్తువులు కాకపోయినా, అవి యంత్రాల శక్తిని తినివేస్తున్నాయి. చందాదారులను విసిగించి సంస్థకు నష్టం తెస్తున్నాయి. అందువల్ల పంపడం ఆపాలని తాత్కాలిక నిషేధాజ్ఞ ఇచ్చింది.

ఈ తీర్పులో ఒక విషయం గమనించాలి. మొదట పంపినప్పుడు అది తప్పా కాదా అని వాదించుకోవచ్చు. "వద్దు" అని తెలిపిన తరువాత కూడా పంపడంతో ఆ వాదన బలహీనపడిపోయింది. తరువాత వచ్చిన చట్టాలు కూడా ఈ "వద్దు" అన్న మాట చుట్టూనే తిరిగాయి. అమెరికా 2003లో చేసిన చట్టం ప్రకారం, వద్దని తెలిపిన పది పనిదినాలలో పంపడం మానాలి. ఉత్తరంలో పంపేవారి నిజమైన తపాలా చిరునామా ఉండాలి. ఆస్ట్రేలియా అదే సంవత్సరం ఇంకొక అడుగు ముందుకు వేసి, గ్రహీత అంగీకారం ముందే ఉండాలన్నది. ఆ చట్టం కింద 2006లో క్లారిటీ1 అనే కంపెనీకి 45 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు, దాని డైరెక్టర్‌కు 10 లక్షల డాలర్లు జరిమానా పడింది.

మన దేశంలో ఏమున్నది? సమాచార సాంకేతిక చట్టాన్ని 2000లో చేశారు. దానికి 2008లో చేసిన సవరణతో 66ఎ అనే సెక్షన్ చేరింది. విసుగు లేదా అసౌకర్యం కలిగించడానికి గాని, ఎవరు పంపారో తెలియకుండా మోసగించడానికి గాని పంపే ఈ-మెయిల్‌కు దానిలో మూడేళ్ళ వరకు జైలుశిక్ష ఉండేది. అయితే 'విసుగు' అనే మాటకు హద్దు ఎక్కడ? 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో, ఫేస్‌బుక్‌లో తెలిపిన అభిప్రాయం కారణంగా ఇద్దరు యువతులను అరెస్టు చేశారు. శ్రేయా సింఘాల్ అనే యువతి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను పూర్తిగా కొట్టివేసింది. వాక్ స్వాతంత్ర్యం దృష్ట్యా అది మంచి తీర్పే. కాని కలుపుతోపాటు ఒక మొక్క కూడా పోయినట్లు, స్పామ్‌కు తగిలే మాట కూడా దానితోపాటే పోయింది. వ్యాపార ఈ-మెయిళ్ళ కోసమే చేసిన ప్రత్యేక చట్టం మనకు లేదు.

ఫోన్ విషయంలో పరిస్థితి కొంత మేలు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో చేసిన నిబంధనల ప్రకారం, 1909 నంబరుకు తెలిపి వ్యాపార కాల్‌లను, సందేశాలను వద్దనవచ్చు. అలా చెప్పినా వస్తే అదే నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. ఈ-మెయిల్ ఈ నిబంధనల కిందికి రాదు. కొందరు 1909కు ఫోన్‌చేసి ఈ-మెయిళ్ళు ఆగలేదని నిరాశపడతారు. కారణం ఇదే.

అయినా దారులన్నీ మూసుకుపోలేదు. వినియోగదారుల రక్షణ చట్టం ఒక దారి. ఢిల్లీలో ఒక మహిళ, కోరని ఫోన్‌కాల్‌లు, సందేశాలు తనను వేధిస్తున్నాయని రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. తీర్పు ఆమెకు అనుకూలంగా వచ్చింది. అవతలి పక్షం జాతీయ కమిషన్‌కు అప్పీలు చేసుకోకుండా నేరుగా హైకోర్టుకు వెళ్ళి ఊరట పొందింది. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్ళింది. అప్పీలు దారి ఉండగా దానిని విడిచి హైకోర్టుకు వెళ్ళడం సరికాదని 2011 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పి, హైకోర్టు ఉత్తర్వును రద్దుచేసింది. పెద్ద కంపెనీలైనా వినియోగదారుల చట్టం చూపిన మెట్లనే ఎక్కవలసి ఉంటుందని దీనివల్ల తెలుస్తున్నది. అయితే ఒక తీర్పుకోసం ఎన్నేళ్ళు పట్టిందో కూడా తెలుస్తున్నది. ఆ మాట దాచనక్కరలేదు.

ఇక్కడ 'వినియోగదారు' అనే మాటకు హద్దు ఉన్నది. డబ్బు ఇచ్చి సరుకునో సేవనో పొందినవారే వినియోగదారులు. ఎన్నడూ ఏమీ కొనని కంపెనీ ప్రకటన పంపితే ఈ తలుపు తెరుచుకోవడం కష్టం. సునాబెడ విద్యార్థిని విషయం వేరు. ఆమె తండ్రి డబ్బు కట్టాడు. పైగా, వినియోగదారు నమ్మకంతో ఇచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని చట్టవిరుద్ధంగా ఇతరులకు తెలపడం అనుచిత వ్యాపార పద్ధతి అని 2019 నాటి చట్టం చెబుతున్నది. ఆమె చిరునామాను ఇతర సంస్థలకు ఇచ్చినట్లు రుజువైతే ఈ అంశం ఆమెకు బలం అవుతుంది.

మన ప్రాంతంవారికి ఆ చట్టంలో అన్నిటికంటె ఉపయోగపడేది మరొకటి ఉన్నది. 1986 నాటి పాత చట్టం ప్రకారం, సాధారణంగా కంపెనీ ఉన్న చోటనో, వివాదం పుట్టిన చోటనో ఫిర్యాదు చేయాలి. కంపెనీ బెంగుళూరులోనో ముంబైలోనో ఉంటే గుణుపురం నుంచి ఎవరు వెళ్ళగలరు? రైలు ఖర్చు చూసుకొనే చాలామంది ఊరుకొనేవారు. 2020 జూలైలో అమలులోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం, ఫిర్యాదుదారు తాను నివసించే చోటగాని పనిచేసే చోటగాని ఫిర్యాదు చేయవచ్చు. కోరాపుట్ జిల్లా కమిషన్ జయపురంలో ఉన్నది. రాయగడ జిల్లాకు వేరే కమిషన్ ఉన్నది. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలు దాటకపోతే రుసుము లేదు. న్యాయవాదిని పెట్టుకోవాలన్న నిర్బంధమూ లేదు. పద్దెనిమిదేళ్ళు నిండనివారి తరఫున తల్లిగాని తండ్రిగాని సంరక్షకుడుగాని ఫిర్యాదు చేయాలి. కారణం పుట్టిన నాటినుంచి రెండేళ్ళలోగా చేయాలి.

చేసేముందు కాగితాలు సిద్ధం చేసుకోవాలి. మొదటి పని, "ఇకమీదట నాకు ప్రకటనలు పంపవద్దు, నా చిరునామా తొలగించండి" అని ఆ సంస్థకు తేదీతో రాయడం. అదే మాటను స్పీడ్ పోస్టులో కూడా పంపితే రసీదు చేతికి వస్తుంది. ఆ తరువాత వచ్చిన ఉత్తరాలను కోపంతో తుడిచివేయరాదు. అవే సాక్ష్యం. ప్రతి ఈ-మెయిల్ వెనుక 'హెడర్' అనే భాగం ఉంటుంది. తపాలా కవరుమీద పడే ముద్రల వలె, ఆ ఉత్తరం ఏ కంప్యూటర్ల మీదుగా ఏ సమయంలో వచ్చిందో దానిలో నమోదై ఉంటుంది. పైకి కనిపించే పంపినవారి పేరును మార్చవచ్చు. ఈ ముద్రలన్నిటినీ మార్చడం అంత తేలిక కాదు. కనుక హెడర్‌తో సహా అచ్చు తీసి ఉంచుకోవాలి. న్యాయస్థానాలలో ఇటువంటి ఎలక్ట్రానిక్ నమోదులను సాక్ష్యంగా చూపడానికి, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి.

"వద్దు" అని రాయడం కూడా ఎవరికి పడితే వారికి పనికిరాదు. పేరూ ఊరూ లేని ఉత్తరంలో 'ఇకపై వద్దనుకొంటే ఇక్కడ నొక్కండి' అని ఉంటుంది. నొక్కితే, ఈ చిరునామాలో మనిషి ఉన్నాడని వారికి తెలిసిపోతుంది. ఉత్తరాలు రెట్టింపవుతాయి. లాటరీ వచ్చిందనీ, ఉద్యోగం ఇస్తామనీ ముందుగా డబ్బు అడిగేవి స్పామ్ స్థాయి దాటిన మోసాలు. వాటిలో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు చెప్పాలి. వేరొకరి పేరుతో కంప్యూటర్ ద్వారా మోసగించినవారికి సమాచార సాంకేతిక చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలుశిక్ష ఉన్నది.

ఇక 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలను 2025 నవంబరులో ప్రకటించారు. సంస్థల ముఖ్యమైన బాధ్యతలు అమలుకావడానికి ఆనాటినుంచి పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. అంగీకారం ఇవ్వడం ఎంత సులభమో, దానిని వెనక్కు తీసుకోవడమూ అంత సులభంగా ఉండాలని ఈ చట్టం అంటున్నది. పద్దెనిమిదేళ్ళలోపు వారిని గురిచేసి ప్రకటనలు పంపరాదని కూడా అంటున్నది. జరిమానాలు కోట్లలో ఉంటాయి. కాని ఆ సొమ్ము ప్రభుత్వ ఖజానాకు చేరుతుంది, ఫిర్యాదుదారుకు రాదు. నష్టపరిహారం కావలసినవారికి వినియోగదారుల కమిషన్ దారి ఇంకా అవసరమే.

సునాబెడ విద్యార్థిని తండ్రి జయపురం కమిషన్‌కు ఏమని రాయాలి? సంస్థకు డబ్బు కట్టిన రసీదు, "వద్దు" అని తెలిపిన ఉత్తరం, ఆ తరువాత వచ్చిన ప్రకటనల అచ్చుప్రతులు, ఉపకార వేతనం గడువు చూపే కాగితం తేదీల వరుసలో జతచేయాలి. ప్రకటనలు ఆపించమని, చిరునామా ఇతరులకు ఇవ్వకుండా ఆజ్ఞాపించమని, నష్టపరిహారం, ఖర్చులు ఇప్పించమని వేరువేరుగా కోరాలి. ఉపకార వేతనం పోవడానికి ఆ ఉత్తరాలే కారణమని నిరూపించడం వీటన్నిటిలో కష్టమైన పని. ప్రకటనలు ఆపించమనే కోరికకు అంత రుజువు అక్కరలేదు. ఇంటినుంచే ఈ-జాగృతి అనే ప్రభుత్వ వేదిక ద్వారా ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. విచారణను వీడియో ద్వారా జరపమని కోరవచ్చు. జిల్లా కమిషన్ తీర్పు నచ్చకపోతే 45 రోజులలోగా కటకంలోని రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఆ సంస్థకూ అదే గడువు.